ఇన్నొవేషన్ మీద పీహెచ్‌డీ: మంచి ప్రశ్న ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు ఉపయోగపడుతుంది. మీరు హైదరాబాద్ శివార్లలో మందుల అసలు పదార్థాన్ని తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, ల్యాబ్‌లో కుదిరిన ప్రాసెస్‌ను ప్లాంట్‌కు చేర్చే టెక్ ట్రాన్స్‌ఫర్ విభాగంలో పనిచేస్తున్నారు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్‌లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి చేరారు. "తెలంగాణ స్టార్టప్‌ల పనితీరుపై ఇన్నొవేషన్ ప్రభావం" అనే టాపిక్ అనుకున్నారు. రెండు వందల మంది చేత ప్రశ్నావళి నింపించి స్మార్ట్‌పీఎల్ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించాలన్నది ప్లాన్. గైడ్ గారు సరే అన్నారు. దీనితో మంచి జర్నల్‌లో పేపర్ వస్తుందా, ఏ థియరీ వాడాలి, డేటా ఎలా అన్నవి మీ ప్రశ్నలు.

ఈ టాపిక్‌తో డిగ్రీ రావచ్చు, మంచి జర్నల్‌లో పేపర్ మాత్రం దాదాపు రాదు. చాలా ఏళ్లుగా ఈ రంగంలో పాఠాలు చెప్తూ, థీసిస్‌లు దిద్దుతూ, జర్నల్స్‌కు రివ్యూలు రాస్తూ ఉన్నాను కాబట్టి ఈ మాట ఖచ్చితంగా చెప్పగలను. ఇంతకంటే చాలా మంచి ప్రశ్న మీ ఉద్యోగంలోనే ఉంది. అది మీకు రోజువారీ తలనొప్పిగానే కనిపిస్తోంది తప్ప పరిశోధనగా కనిపించడం లేదు. ఈ జవాబంతా దాని గురించే.

ముందు ప్రశ్నావళి సంగతి. మన దేశపు థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మీ టాపిక్ మాటలు కొట్టి చూడండి. ఊరు పేరు, రంగం పేరు మారుతూ అదే థీసిస్ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అసలు లోపం పాతబడటంలో లేదు. "మా కంపెనీ కొత్త ఆలోచనలను ప్రోత్సహిస్తుంది" అనే వాక్యానికి ఐదులో నాలుగు వేసిన ఫౌండరే, "మా కంపెనీ పనితీరు బాగుంది" అనే వాక్యానికీ నాలుగు వేస్తాడు. ఆ రెండింటికీ మధ్య మీకు దొరికే సంబంధం కంపెనీ గురించి చెప్పేది తక్కువ, ఆ రోజు ఆయన మూడ్ గురించి చెప్పేది ఎక్కువ. పైగా మూతపడిన స్టార్టప్ మీ ఫారం నింపదు. ఇన్నొవేషన్ చేసి కూడా దెబ్బతిన్నవాళ్లు లెక్కలోకే రారు. ప్రశ్నల పొందికను కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.9 వచ్చినా ఈ రెండు లోపాలూ పోవు. రివ్యూయర్ మొదట అడిగేది కూడా వీటి గురించే.

ఇక మంచి ప్రశ్న ఎలా పుడుతుందన్నది. ఇది సూత్రంగా చెప్తే పట్టుబడదు, ఒక నిజమైన ఉదాహరణతో చెప్తాను. దీని చివరి భాగం మన వరంగల్‌లోనే జరిగింది.

అమెరికాలోని అయోవాలో 1920ల చివర్లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వచ్చింది. బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు గ్రామీణ సమాజ శాస్త్రవేత్తలు రెండు ఊళ్లలో 259 మంది రైతులను కలిసి, ఎవరు ఎప్పుడు ఆ విత్తనానికి మారారో నమోదు చేశారు. 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ మారిపోయారు. మంచి విత్తనమని తెలిశాక కూడా అన్నేళ్లు ఎందుకు పట్టింది? 1943లో వాళ్లు ఇచ్చిన జవాబు ఇది: విత్తనం గురించి మొదట చెప్పింది ఎక్కువగా కంపెనీ సేల్స్‌మన్, నమ్మకం కలిగించింది మాత్రం పక్క రైతు. అయినా చాలామంది రైతులు ముందు కొద్దిపాటి నేలలో వేసి చూసుకున్నాకే మొత్తం పొలానికి మారారు.

1957లో జ్వీ గ్రిలికెస్ అనే ఆర్థికవేత్త అదే మొక్కజొన్నను వేరే వైపు నుంచి చూశాడు. అయోవాలో తొందరగా, అమెరికా దక్షిణాదిన ఉన్న అలబామాలో ఆలస్యంగా ఎందుకు వ్యాపించింది? ఒక ప్రాంతానికి సరిపడే హైబ్రిడ్‌ను ఆ ప్రాంతం కోసమే విడిగా తయారు చేయాలి. లాభం ఎక్కువ కనిపించిన చోటికి కంపెనీలు ముందు వెళ్లాయి, లాభం ఎంత ఎక్కువైతే రైతులు అంత వేగంగా మారారు అని లెక్కలతో చూపించాడు. దక్షిణాది రైతు వెనకబడినవాడేమీ కాదు, అతనికి పనికొచ్చే విత్తనం అతని దాకా ఆలస్యంగా వచ్చింది, అంతే. ఇలాంటి అధ్యయనాలన్నిటినీ 1962లో ఎవరెట్ రోజర్స్ ఒక చట్రంలో కూర్చాడు. ముందుగా అందుకునేవాళ్లు, చివర్లో వచ్చేవాళ్లు అని ఎంబీఏలో మనం గీసే గంట ఆకారం గ్రాఫ్ అక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పుడు వరంగల్. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, కొన్నేళ్లలోనే అది అంతటా పాకింది. పాత చట్రం ప్రకారం ఇది విజయగాథ. రైతులు వేసి చూశారు, లాభం కనిపించింది, మారారు. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవ శాస్త్రవేత్త వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి, ఏ ఊళ్లో ఏ ఏడాది ఎవరు ఏ బ్రాండ్ విత్తనం కొన్నారో నమోదు చేశాడు. ఒక ఏడాది ఒక ఊరు ఊరంతా ఒకే బ్రాండ్ మీద పడింది. పక్క ఊరు ఇంకో బ్రాండ్ మీద పడింది. రెండేళ్లు తిరిగేసరికి రెండూ పోయి మరోటి వచ్చింది. నేలలోగానీ, దిగుబడిలోగానీ దానికి తగిన కారణం కనిపించలేదు. కొద్ది నేలలో వేసి చూసుకునే అలవాటు దాదాపు లేదు.

రైతు తెలివిని తక్కువ చేసే దారి ఆయన పట్టలేదు. వేసి చూసి నేర్చుకోవడానికి కావలసిన పరిస్థితులే అక్కడ కరువయ్యాయని 2007లో రాసిన వ్యాసంలో వాదించాడు. పురుగు ఉద్ధృతి, వాన ఏటా మారతాయి, అందువల్ల ఈ ఏడాది ఫలితం వచ్చే ఏడాదికి పాఠం కాదు. ప్యాకెట్‌లో నిజంగా ఏముందో రైతుకు తెలిసే దారి లేదు. ఒక రకం గురించి నాలుగు సంగతులు తెలిసేలోపు అది మార్కెట్లో ఉండదు, కొత్త పేర్లు వచ్చేస్తాయి. ఇక మిగిలేది పక్కవాణ్ని చూసి కొనడమే. ఆ పక్కవాడు కూడా ఇంకొకణ్ని చూసే కొన్నాడు. రైతుకు తరతరాలుగా ఉన్న నైపుణ్యం ఇలా తరిగిపోతోందన్నది ఆయన వాదన. దీనితో విభేదించినవాళ్లు ఉన్నారు, బీటీ పత్తి చర్చ ఇప్పటికీ వేడిగానే ఉంది. కానీ ఆ వ్యాసం చదివాక, "అందరూ కొంటున్నారు కాబట్టి అది మంచి టెక్నాలజీ" అనే మాట ఎవరూ తేలిగ్గా అనలేరు.

ఇక్కడ గమనించాల్సింది ఆయన ప్రశ్న పుట్టిన చోటు. "వరంగల్‌లో బీటీ పత్తి వ్యాప్తిపై రోజర్స్ సిద్ధాంతం అన్వయం" అని మొదలుపెట్టి ఉంటే ఆ సిద్ధాంతానికి ఇంకో ఉదాహరణ దొరికేది, కథ అక్కడితో ముగిసేది. సిద్ధాంతం చెప్పినట్టు జరగని ఒక వింత ఆయన కంట పడింది. దాన్ని వదలకుండా పట్టుకుని, సిద్ధాంతం లోపల చెప్పకుండా దాగి ఉన్న షరతు ఏమిటో బయటికి లాగాడు. వేసి చూస్తే నేర్చుకోవచ్చు అన్నది ఆ షరతు. అయోవాలో అది నిలిచింది, వరంగల్‌లో నిలవలేదు. మీరు వెతకాల్సింది ఇలాంటి చోటు.

మీ రంగంలో అలాంటి చోట్లు నాకు రెండు కనిపిస్తున్నాయి.

మొదటిది మీ చేతిలో ఉన్న పనే. ఆర్‌అండ్‌డీలో 5 లీటర్ల ఫ్లాస్కులో చక్కగా వచ్చిన రియాక్షన్, ప్లాంట్‌లో 5,000 లీటర్ల రియాక్టర్‌లో వేస్తే ఈల్డ్ (చేతికొచ్చే సరుకు) పడిపోతుంది, లేదా ఇంప్యూరిటీ (మలినం) లేస్తుంది. కారణాల్లో ఒకటి శుద్ధ గణితం. ఆకారం అదే ఉంచి ఘనపరిమాణం వెయ్యి రెట్లు పెంచితే ఉపరితలం వంద రెట్లే పెరుగుతుంది. అంటే ఒక్కో లీటరుకు వేడి బయటికి పోయే దారి పదో వంతు అయిపోతుంది. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. మేనేజ్‌మెంట్ వైపు నుంచి అసలు ప్రశ్న వేరే: ఆ సమస్య ఎక్కడ తేలుతుంది? ల్యాబ్‌లోనా, ప్లాంట్‌లోనా? ఎవరు తేలుస్తారు?

దీని మీద రెండు గొప్ప పరిశోధనలు ఉన్నాయి. హార్వర్డ్‌లో గ్యారీ పిసానో 1994లో ఔషధ కంపెనీల్లోని 23 ప్రాసెస్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టులను పోల్చాడు. రసాయన సంశ్లేషణతో చేసే మందుల్లో శాస్త్రం బాగా పండిపోయింది కాబట్టి ల్యాబ్‌లో ముందే ఎక్కువ పని చేసుకుంటే మొత్తం సమయం ఆదా అవుతుందని తేలింది. బయోటెక్ మందుల్లో శాస్త్రం ఇంకా పచ్చిగా ఉండేది. అక్కడ ల్యాబ్‌లో ఎంత కష్టపడ్డా ఆ ప్రయోజనం రాలేదు, ప్లాంట్‌కు దిగి చేస్తూ నేర్చుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది ఎంఐటీలో ఎరిక్ వాన్ హిపెల్ ఇంకో మాట చెప్పాడు. కొంత సమాచారం పుట్టిన చోటే అతుక్కుని ఉంటుంది, కాగితం మీద పెట్టి పంపాలంటే ఖర్చెక్కువ. అలాంటప్పుడు సమస్యను పరిష్కరించే పనే ఆ సమాచారం ఉన్న చోటికి వెళ్తుంది. రెండు చోట్లా అతుక్కుని ఉంటే పని అటూ ఇటూ తిరుగుతుంది. ఆర్‌అండ్‌డీ కెమిస్ట్ మూడు రోజులు ప్లాంట్‌లో కూర్చుని, మళ్లీ ల్యాబ్‌కు పరుగెత్తి, మళ్లీ రావడం మీరు చూసే ఉంటారు కదా.

ఇప్పుడు మీ కంపెనీని ఈ రెండింటి పక్కన పెట్టి చూడండి. మీరు చేసేది రసాయన సంశ్లేషణ. పిసానో ప్రకారం చాలా భాగం ల్యాబ్‌లోనే తేలిపోవాలి. కానీ మీ ప్రశ్న కింద రాసిన వివరణలో, "సగం సమస్యలు షిఫ్ట్ ఇన్‌చార్జే సరిచేస్తాడు, బీఎంఆర్‌లోకి (బ్యాచ్ తయారీ రికార్డులోకి) ఎక్కించడం మాత్రం నెలల పని" అని ఒక వాక్యం ఉంది. మీరు మాటవరసకు రాసినట్టున్నారు. నాకు మాత్రం మీ పోస్టులో అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

ఎందుకంటే రెండు సిద్ధాంతాలూ పట్టించుకోని మూడో విషయం అందులో ఉంది, అనుమతి. తయారీ వివరాలతో నియంత్రణ సంస్థకు ఇచ్చే డీఎంఎఫ్ ఫైల్ అయ్యాక ప్రాసెస్ గడ్డకట్టినట్టే. మార్పు చేయాలంటే చేంజ్ కంట్రోల్ (మార్పు అనుమతి ఫైలు) తెరవాలి, క్యూఏ (నాణ్యతా విభాగం) చూడాలి, ఆర్ఏ (నియంత్రణ వ్యవహారాల) వాళ్లు ఏ దేశానికి ఏం చెప్పాలో తేల్చాలి. అంటే తెలివి ఉన్నది రియాక్టర్ దగ్గర, అధికారం ఉన్నది ఇంకెక్కడో. సమస్య తేలే చోటును సమాచారం ఒక్కటే నిర్ణయించడం లేదు, నియంత్రణ కూడా నిర్ణయిస్తోంది. ఫైలింగ్‌కు ముందు, తర్వాత ఈ చోటు మారుతుందా? మారితే ప్లాంట్‌లో పుట్టిన జ్ఞానం ఏమవుతుంది, తర్వాతి ప్రొడక్ట్‌కు వెళ్తుందా, ఆ షిఫ్ట్ ఇన్‌చార్జ్ ఉద్యోగం మారితే ఆయనతోనే పోతుందా? ఇంకో కోణం: పేటెంట్ తీరిన మందులు చేసే జెనెరిక్ కంపెనీలకు ల్యాబ్‌లో గడిపే సమయమే తక్కువ కావడం వల్ల పిసానో చెప్పింది ఇక్కడ పొసగదేమో. ఇది నా ఊహ మాత్రమే, మీ డేటా తేల్చాలి. ఇందులో ఏ ఒక్కటి పట్టుకున్నా మంచి థీసిస్ అవుతుంది.

రెండో చోటు మన ఊరి చరిత్ర. బాలానగర్‌లోని ఐడీపీఎల్ సంగతి తెలియని ఫార్మా మనిషి హైదరాబాద్‌లో ఉండడు. సోవియట్ సహకారంతో పెట్టిన ప్రభుత్వ మందుల సంస్థ. 1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చాక మందుల విషయంలో, మందుకే ఇచ్చే ప్రొడక్ట్ పేటెంట్ పోయి, తయారీ పద్ధతికి ఇచ్చే ప్రాసెస్ పేటెంటే మిగిలింది. వేరే దారిలో అదే మాలిక్యూల్ చేయగల కెమిస్టుకు ఒక్కసారిగా విలువ వచ్చింది. అలాంటి కెమిస్టులు ఐడీపీఎల్‌లో తయారయ్యారు. అంజిరెడ్డి గారు అక్కడ 1969 నుంచి 1975 వరకు పనిచేసి, బయటికొచ్చి వేరే కంపెనీల్లో భాగస్వామిగా ఉండి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్ నుంచి వచ్చి కంపెనీలు పెట్టినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

స్టీవెన్ క్లెపర్ అనే ఆర్థికవేత్త అమెరికాలోని డెట్రాయిట్ కార్ల కంపెనీల మీద, ఆక్రన్ టైర్ల కంపెనీల మీద చేసిన పని చదవండి. పరిశ్రమ ఒకే ఊళ్లో ఎందుకు గుమిగూడుతుందంటే, బాగా నడిచే కంపెనీల నుంచి విడిపోయి వచ్చినవాళ్లు బాగా నడిచే కంపెనీలు పెడతారు, పుట్టిన ఊళ్లోనే పెడతారు అన్నది ఆయన వివరణ. తల్లి కంపెనీ ఎంత గట్టిదైతే పిల్ల కంపెనీ అంత గట్టిది. మరి ఐడీపీఎల్? 1992లో దాన్ని ఖాయిలా సంస్థగా ప్రకటించారు. మార్కెట్లో ఓడిన తల్లికి, ప్రపంచ మార్కెట్లో నిలిచిన పిల్లలు. అంటే వారసత్వంగా వచ్చేది తల్లి వ్యాపార విజయం కాదా? శిక్షణ, పాత సహోద్యోగులతో పరిచయాలు మాత్రమేనా? లేక 1970 చట్టం లేకపోతే ఈ వారసత్వానికి విలువే ఉండేది కాదా? ఈ ప్రశ్నకు సాక్ష్యం చెప్పగల తరం ఇప్పుడు బాగా పెద్ద వయసులో ఉంది. వాళ్ల మాటలు రికార్డు చేయడం ఆలస్యమైతే ఇక ఎప్పటికీ కుదరదు. మీరు కాకపోయినా ఎవరో ఒకరు ఈ పని చేయాలని నాకు చాలా కోరిక.

మీకు నేను మొదటిదే సూచిస్తాను, ఎందుకంటే అక్కడ మీకున్న ప్రవేశం ప్రొఫెసర్లకు కూడా దొరకదు. కానీ ఒక జాగ్రత్త. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ కోసం కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ, డేటా వాడుకోవడానికి అనుమతి కాదు. డీవియేషన్ రిపోర్టులు (ప్రాసెస్ దారితప్పినప్పుడు రాసేవి), చేంజ్ కంట్రోల్ రికార్డులు వాడాలంటే విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. మాలిక్యూల్ పేరు, కస్టమర్ పేరు, మనుషుల పేర్లు తీసేస్తానని అందులోనే రాయండి. మీకు కావలసింది రసాయన రహస్యం కాదు: సమస్య ఎప్పుడు బయటపడింది, ఎవరు ముందు గమనించారు, పరిష్కారం ఎక్కడ దొరికింది, కాగితం మీదికి ఎన్నాళ్లకు ఎక్కింది. ఇంతవరకు ఇవ్వడానికి చాలా కంపెనీలు అభ్యంతరం పెట్టవు. ఒక్క కంపెనీతో ఆగకండి. మీ పాత సహోద్యోగులు ఇంకో రెండు మూడు కంపెనీల్లో ఉండే ఉంటారు. ఒక్కో చోట కొన్ని ట్రాన్స్‌ఫర్లను మొదటి నుంచి చివరి దాకా అనుసరిస్తే, రెండు వందల ప్రశ్నావళుల కంటే చాలా బలమైన డేటా వస్తుంది. విఫలమైన ట్రాన్స్‌ఫర్లు తప్పకుండా ఉండాలి.

పబ్లిక్ డేటా కూడా చాలా ఉంది, మనవాళ్లు వాడటం లేదు. భారత పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ప్రచురించిన దరఖాస్తులన్నీ ఉచితంగా వెతకవచ్చు. అందులో ఫారం 27 అని ఒకటి ఉంటుంది. పేటెంట్ తీసుకున్నవాళ్లు దాన్ని ఇక్కడ నిజంగా వాడుతున్నారో లేదో చెప్పే ఫారం. ఇదివరకు ఏటా ఇచ్చేవారు, 2024 నియమాలతో మూడేళ్లకోసారి అయింది. పేటెంట్ల సంఖ్య లెక్కపెట్టే పేపర్లు కోకొల్లలు. వచ్చిన పేటెంట్ ఏమైందో చూసేవాళ్లు తక్కువ. ఒక్కటి గుర్తుంచుకోండి: ప్రాసెస్ కెమిస్ట్రీలో చాలా జ్ఞానం పేటెంట్‌గా రాదు, రహస్యంగానే ఉంచుకుంటారు. పేటెంట్లు లేవు కాబట్టి ఇన్నొవేషన్ లేదని రాయకండి.

స్టార్టప్‌ల మీదే చేయాలని మనసులో గట్టిగా ఉంటే, సబ్రీనా హోవెల్ 2017లో అమెరికా ఇంధన శాఖ గ్రాంట్ల మీద రాసిన పేపర్ చూడండి. గ్రాంట్ వచ్చినవాళ్లు బాగుపడ్డారంటే గ్రాంట్ వల్లా, వాళ్లు ముందే సత్తా ఉన్నవాళ్లు కావడం వల్లా? ఆమె దరఖాస్తుల ర్యాంకులు సంపాదించి, ఎంపిక గీతకు కొంచెం పైన ఉన్నవాళ్లను, కొంచెం కింద ఉన్నవాళ్లను పోల్చింది. మొదటి దశ చిన్న గ్రాంట్ వల్ల వెంచర్ పెట్టుబడి వచ్చే అవకాశం సుమారు రెట్టింపయింది, రెండో దశ పెద్ద గ్రాంట్ వల్ల అంత లాభం కనిపించలేదు. స్టార్టప్‌లకు చేయూతనిచ్చే ఇక్కడి ఏ ఇంక్యుబేటర్ అయినా ఎంపిక మార్కులు ఇస్తే ఇలాంటి పని చేయొచ్చు. ఇవ్వకపోతే ఈ టాపిక్ జోలికి వెళ్లకండి.

ఏ థియరీ అని అడిగారు. ఇప్పుడే ఎంచుకోకండి. థియరీ పేరు ముందు పెట్టుకుంటే కనిపించినవన్నీ దానికి సరిపోయినట్టే అనిపిస్తాయి. డిస్రప్షన్ (చిన్న కంపెనీ వచ్చి పెద్ద కంపెనీని కూలదోయడం) అనే మాట ఎంత వాడారో మీకు తెలుసు. ఆ సిద్ధాంతానికి ఉదాహరణలుగా చెప్పిన 77 కేసులను ఆండ్రూ కింగ్, బాల్జిర్ బాటర్‌తోగ్తోఖ్ అనే పరిశోధకులు ఆయా రంగాల నిపుణులతో సరిచూస్తే, సిద్ధాంతం చెప్పిన నాలుగు లక్షణాలూ ఉన్నవి ఏడే తేలాయి. ముందు మీ పది పదిహేను ట్రాన్స్‌ఫర్ కథలు రాసుకోండి, తర్వాత పిసానో, వాన్ హిపెల్ దగ్గరికి వెళ్లండి.

చదవడానికి డబ్బు పెట్టనక్కర్లేదు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు కూడా 30 మంది ప్రచురణకర్తల జర్నల్స్ దాదాపు 13,000 అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోండి. రీసెర్చ్ పాలసీ అనే జర్నల్ గత ఐదేళ్ల సంచికల విషయసూచికలు చదివితే చాలు, ఈ రంగంలో ఏం నడుస్తోందో తెలుస్తుంది. టెక్నొవేషన్, ఆర్‌అండ్‌డీ మేనేజ్‌మెంట్ కూడా మీ పనికి దగ్గరవే.

ప్రచురణ గురించి అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. యూజీసీ 2022 నియమాల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ తప్పనిసరి అనే షరతు లేదు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టి ఉండొచ్చు, ఆర్డినెన్స్ తెప్పించుకుని చదవండి. కేర్ లిస్ట్ అనే యూజీసీ జర్నల్స్ జాబితాను 2025లో ఎత్తేశారు. వాట్సాప్‌లో "పదిహేను రోజుల్లో పబ్లికేషన్" అని వచ్చే మెసేజీలకు డబ్బు కట్టొద్దు. ఆ పేపర్ మీ పేరు మీద ఎప్పటికీ ఉండిపోతుంది, రేపు మంచి చోట దరఖాస్తు చేసినప్పుడు మొదట కనిపించేది అదే. మంచి జర్నల్స్‌లో చాలావాటికి మామూలు పద్ధతిలో వేస్తే రచయిత ఏమీ కట్టనక్కర్లేదు, ఓపెన్ యాక్సెస్ కావాలంటేనే రుసుము.

గైడ్ గారికి టాపిక్ మార్పు ఎలా చెప్పాలని మీకు బెరుకు ఉంటుంది. "సార్, టాపిక్ బాలేదు" అని వెళ్లకండి. రిజిస్టర్ అయిన శీర్షికలో ఇన్నొవేషన్ అనే మాట ఉంది కదా, "స్టార్టప్‌ల బదులు బల్క్ డ్రగ్ కంపెనీలు తీసుకుంటే నాకు డేటా ఖాయంగా దొరుకుతుంది" అని చెప్పండి. డేటా దొరకక ఆగిపోయిన స్కాలర్లను ప్రతి గైడూ చూసి ఉంటారు, ఆ మాటకు విలువ ఇస్తారు. ఒక పేజీ రాసి చేతిలో పెట్టండి. అందులో ఒక ట్రాన్స్‌ఫర్ కథ, పిసానో ప్రకారం ఏం జరగాలి, నిజంగా ఏం జరిగింది, ఈ తేడా ఎందుకొచ్చిందో మీ ఊహ, దాన్ని పరీక్షించడానికి ఏ రికార్డులు కావాలి అన్నవి ఉంటే చాలు. కథకు మీకు బాగా గుర్తున్న ట్రాన్స్‌ఫర్‌నే తీసుకోండి, కంపెనీ వివరాలు తీసేసి ఆ పేజీ ఇక్కడ కూడా పెడితే చదివి నా అభిప్రాయం రాస్తాను.